దుంగ దాటని పడవ

పడవ మళ్ళీ దుంగకు కొట్టుకుంది. తెర మీద నీళ్ళు ఎగిరాయి, పడవ బోర్లాపడింది, ఆట మొదటికొచ్చింది.

"అమ్మమ్మా, మళ్ళీ ఆలస్యంగా నొక్కావు" అంది పిడుగు.

పిడుగు అసలు పేరు బడి హాజరు పట్టీలో భద్రంగా ఉంది. ఇంట్లో ఎవరూ దాని జోలికి పోరు. తను తలుపు తీసిందంటే గోడ అదరాలి. మెట్లు దిగిందంటే కింది వాటావాళ్ళకు తెలియాలి. అయిదో తరగతికి వచ్చినా ఆ దూకుడు తగ్గలేదు.

"నొక్కానే తల్లీ. దుంగ కనబడగానే నొక్కాను" అంది అమ్మమ్మ.

"నొక్కితే ఎగరాలిగా మరి?"

అది ఇద్దరు కలిసి ఆడే ఆట. ఒకరు పడవను అటూ ఇటూ తిప్పాలి. నదిలో దుంగ అడ్డం వస్తే రెండోవాళ్ళు కీబోర్డు మీద స్పేస్ బార్ నొక్కాలి. అప్పుడు పడవ దుంగ మీదుగా ఎగురుతుంది. తిప్పడం పిడుగు పని. నొక్కడం అమ్మమ్మ కుడిచేతి పని.

ఎడమ చేత్తో అయితే అమ్మమ్మ అవలీలగా నొక్కేది. కానీ ఆ ఆట పెట్టిందే కుడి చేతి కోసం. వేసవిలో అమ్మమ్మకు పక్షవాతం వచ్చింది. మాట త్వరగానే తిరిగొచ్చింది. కాలు మెల్లగా వచ్చింది. కుడి చెయ్యి మాత్రం మొండికేసింది. యూనిఫాంల కొట్టులో ఏళ్ళ తరబడి చొక్కాలకు కాజాలు కుట్టిన చెయ్యి అది. ఇప్పుడు చెంచా పట్టుకున్నా వణికేది.

వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో అక్క ఒక మెత్తటి బంతి ఇచ్చి, రోజూ పిసకమంది. ఆ బంతిని చూస్తేనే అమ్మమ్మకు ఒళ్ళుమంట. "ఇదేమన్నా పిండా, పిసుకుతూ కూర్చోడానికి?" అని మంచం కిందికి దొర్లించేసేది. అప్పుడు పడవ ఆట ఉపాయం కనిపెట్టింది పిడుగే.

ఫిజియో అక్క మెచ్చుకుంది. "ఏదైతేనేం, ఆ వేళ్ళు కదలాలి. ఈ మొదటి నెలల్లో ఎంత కదిపితే అంత తిరిగొస్తుంది. తర్వాత ఎంత చేసినా చెయ్యి మన మాట వినడం తగ్గిపోతుంది" అని చెప్పింది.

అప్పటినుంచీ పిడుగు బడి నుంచి వచ్చేసరికి అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుని కంప్యూటర్ ముందు సిద్ధంగా ఉండేది. మొదట్లో ఒక్క దుంగ కూడా దాటలేదు. పోనుపోను వరసగా దాటారు. జలపాతం దాకా వెళ్ళిన రోజున అమ్మమ్మ ఆ కుడి చేత్తోనే పిడుగు జడ పట్టుకు లాగింది. లాగగలిగినందుకు ఇద్దరూ నవ్వుకున్నారు.

ఈమధ్యే అంతా చెడింది. పడవ ఆగి ఆగి నడుస్తోంది. స్పేస్ బార్ నొక్కిన కాసేపటికి గానీ ఎగరడం లేదు. పిడుగు ఆలోచించి ఒక కారణం పట్టుకుంది. అమ్మమ్మ వేలు కిందికి పడ్డాక వెంటనే పైకి లేవదు. అలా నొక్కిపట్టడం వల్లే ఆట ఇరుక్కుంటోందని తేల్చేసింది. పిడుగుకు తెలివితేటలకేం తక్కువ లేదు, తొందరే కాస్త ఎక్కువ.

"నాకేమో కంప్యూటర్‌లోనే ఏదో తేడా ఉందనిపిస్తోంది. బొమ్మ కూడా అదురుతోంది చూడు" అంది అమ్మమ్మ.

పిడుగుకు చిర్రెత్తుకొచ్చింది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస. కంప్యూటర్ బాగానే ఉంది. నీ చెయ్యే బాలేదు. నీతో ఆడితే ఎప్పటికీ గెలవం."

ఆ సామెత పిడుగుకు నేర్పింది అమ్మమ్మే. లెక్క రానప్పుడల్లా పెన్సిల్ని తిట్టుకునే మనవరాలిని చూసి నవ్వుతూ అనేది. ఇప్పుడు తిరిగి తనకే తగిలింది.

అమ్మమ్మ ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నిజమేలే" అంది. గోడ పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పిడుగు ఆటకు పిలిస్తే, "నువ్వాడుకో తల్లీ, నాకు నడుం లాగుతోంది" అంది. ఆ తర్వాత కళ్ళు మండుతున్నాయంది. ఆ తర్వాత పిడుగే పిలవడం మానేసింది. నోరు జారానని తనకూ తెలుసు. తెలిసినా, వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు.

"ఏమ్మా, ఆట మానేశావేం?" అని అమ్మ అడిగింది ఒకరోజు అన్నాల దగ్గర.

"విసుగొచ్చిందే. ఎంతసేపని ఆ నీళ్ళూ ఆ దుంగలూ" అంది అమ్మమ్మ, ఎడమ చేత్తో మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ.

పిడుగు తల వంచుకుని అన్నం కెలికింది. అమ్మమ్మ తన మాట బయటపెట్టనందుకు హాయిగా ఉండాలి. కానీ లేదు.

సెలవు రోజున పిడుగు ఒక్కతే ఆటకు కూర్చుంది. ఒక చేత్తో పడవ తిప్పింది. రెండో చెయ్యి స్పేస్ బార్ మీద పెట్టుకుంది.

దుంగ వచ్చింది. నొక్కింది. పడవ ఎగరలేదు. దుంగకు కొట్టుకుని మునిగిపోయింది.

పొరపాటేమో అనుకుంది. ఈసారి దుంగ దూరంగా ఉండగానే నొక్కి, వేలు చటుక్కున తీసేసింది. పడవ ఆగింది, అదిరింది, మళ్ళీ మునిగింది. ఎలా నొక్కినా అంతే. ఇక్కడ వణికే వేళ్ళేవీ లేవు. ఉన్నవి తన వేళ్ళే.

అప్పుడు పిడుగుకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. మరచిపోయింది కాదు, కావాలనే పక్కకు నెట్టేసింది. బళ్ళో తన బెంచీ స్నేహితురాలు, "గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేసుకుంటే మీ ఆటలో నీళ్ళు అద్దంలా మెరుస్తాయి" అంది. అమ్మ ఇంట్లో లేనప్పుడు పిడుగు ఆ పని మొదలుపెట్టింది. మధ్యలో తెర మొత్తం నల్లబడిపోయింది. కంప్యూటర్ పాడైపోయిందనుకుని పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపేసింది. మళ్ళీ వేస్తే తెర వెలిగింది. అమ్మయ్య అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

పడవ కుంటడం మొదలైంది ఆ మర్నాటి నుంచే.

ఇంత తెలిశాక వెంటనే పరుగెత్తుకెళ్ళి చెప్పిందా అంటే, చెప్పలేదు. తప్పు చేయడానికి లేని భయం ఒప్పుకోవడానికి ఎక్కడినుంచో వచ్చేస్తుంది. ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఉండిపోయింది.

ఫిజియో అక్క వచ్చింది. అమ్మమ్మ కుడి చేతి వేళ్ళను ఒక్కొక్కటే తెరవబోయింది. అమ్మమ్మ పళ్ళు బిగబట్టింది.

"వేళ్ళు ముడుచుకుపోతున్నాయేంటి అమ్మమ్మగారూ? పోయినసారి చక్కగా తెరుచుకున్నాయి. ఆట ఆడట్లేదా?"

"ఈ చెయ్యి ఆటలకు పనికిరాదమ్మా."

"ఎవరన్నారు?"

గుమ్మం దగ్గర నిలబడి పిడుగు వింటోంది. అమ్మమ్మ అటు చూడనైనా చూడలేదు.

"ఒకళ్ళు అనాలా? నా చెయ్యి సంగతి నాకు తెలీదూ?" అంది.

పిడుగు అక్కడ నిలబడలేకపోయింది. అమ్మ ఇస్త్రీ చేస్తున్న గదిలోకి వెళ్ళి, తలుపు చప్పుడు కాకుండా వేసి, మొత్తం చెప్పేసింది. నల్లబడ్డ తెర, పవర్ బటన్, సామెత, అన్నీ. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

అమ్మ ఒక ఆఫీసులో కంప్యూటర్లు పాడైతే చూసే ఉద్యోగం చేస్తుంది. చేతిలో చొక్కా పక్కన పెట్టి, ఇస్త్రీపెట్టె ఆపేసింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"తిడతావని."

"తిట్టేదాన్నే. తిట్టి బాగుచేసేదాన్ని. రోజులు పోకుండా ఉండేవి." అమ్మ గొంతు కోపంగా లేదు. అలసిపోయినట్టుంది. "పద, చూద్దాం."

కంప్యూటర్‌లో ఏయే భాగాలున్నాయో చూపించే పట్టిక తెరిచింది అమ్మ. గ్రాఫిక్స్ కార్డు పేరు పక్కన పసుపు రంగు హెచ్చరిక గుర్తు ఉంది.

"ఇదిగో. తెర మీద బొమ్మలు గీసేది ఈ కార్డు. దాంతో పని చేయించే ప్రోగ్రామే డ్రైవర్. నువ్వు మధ్యలో ఆపేసరికి పాతది పోయింది, కొత్తది సగమే పడింది. కార్డు ఊరికే కూర్చుంది. దాని బరువంతా మిగతా కంప్యూటర్ మోస్తోంది. అందుకే ఆయాసపడుతోంది."

సగం పడ్డ డ్రైవర్‌ను పూర్తిగా తీసేసింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. కార్డు తయారుచేసిన కంపెనీ సైటుకే వెళ్ళి, ఆ కార్డుకు సరిపోయే డ్రైవర్ దింపింది.

"తెర మధ్యలో నల్లబడుతుంది. అది మామూలే. ఏమీ ముట్టుకోకు. ఓపిగ్గా ఉండు, అంతే."

తెర నల్లబడింది. పిడుగు వేళ్ళు తమంతట తామే బటన్ వైపు వెళ్ళబోయాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. చాలాసేపు అనిపించింది. తెర వెలిగింది. పసుపు గుర్తు లేదు. ఆట పెట్టి చూస్తే పడవ నీళ్ళ మీద జారిపోతోంది. నొక్కగానే ఎగిరింది.

నీళ్ళు నిజంగానే అద్దంలా మెరుస్తున్నాయి. పిడుగుకు వాటిని చూడబుద్ధి కాలేదు.

"ఇది నేను చేయగలిగింది. మిగతాది నువ్వే వెళ్ళి చెప్పాలి" అంది అమ్మ.

అమ్మమ్మ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. పిడుగు వెళ్ళి కింద కూర్చుంది.

"మద్దెలే ఓడు అమ్మమ్మా. ఓడు చేసింది నేనే. నీ చెయ్యి ఏ తప్పూ చేయలేదు."

జరిగిందంతా చెప్పింది. అమ్మమ్మ చివరిదాకా వింది. "పోనీలే" అంటుందని పిడుగు ఎదురుచూసింది. ఎప్పుడూ అనే మాటే అది. ఈసారి అనలేదు.

"నాకు కంప్యూటర్ల సంగతి ఏం తెలుసే? నువ్వు చెప్పిందే నిజమనుకున్నాను" అంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. ఒంటి చేత్తో తుడవడానికి చాలాసేపు పట్టింది. "ఆటా మానేశాను, మంచం కింది బంతినీ తీయలేదు. పనికిరాని చేతికి ఎందుకులే అని."

పిడుగు అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టింది. జడ లాగుతుందేమోనని ఆగింది. కుడి చెయ్యి కదిలింది గానీ జడ దాకా రాలేదు.

ఆ తర్వాతి నెలల్లో అమ్మమ్మ బంతి ముట్టకపోయినా, ఆటకు రాకపోయినా, ఫిజియో అక్క తను చేయగలిగిందంతా చేసింది. వేళ్ళు కొంత తెరుచుకున్నాయి. కానీ పోయిన రోజులు పోయాయని, చెయ్యి మునుపు చేరినంత దూరం చేరడం కష్టమని అమ్మతో మెల్లగా చెప్పింది. పిడుగు అది విననే విన్నది.

మర్నాడు బడి నుంచి వచ్చి, పిడుగు ఆటలో వేగం మార్చే చోట వెతికింది. అన్నిటికంటే నెమ్మదిగా ఉండేది పెట్టింది. తర్వాత మంచం కింద దూరి, దుమ్ము పట్టిన బంతిని తీసి కడిగి, అమ్మమ్మ పక్కన పెట్టింది. కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేసింది.

"నేనొస్తే గెలవవు" అంది అమ్మమ్మ.

"తెలుసు. రా."

అమ్మమ్మ వచ్చి కూర్చుంది. ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి బల్ల మీద పెట్టుకుంది. పడవ బయలుదేరింది. దుంగ మెల్లగా ఎదురొచ్చింది. అమ్మమ్మ వేలు లేచింది, వణికింది, కిందికి దిగడం మొదలుపెట్టింది. పిడుగు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది.

పడవ దుంగకు కొట్టుకుని మునిగిపోయింది. వేలు ఇంకా దిగుతూనే ఉంది. నీళ్ళన్నీ సర్దుకున్నాక స్పేస్ బార్ టక్కుమంది.

"నొక్కాను" అంది అమ్మమ్మ.

"చూశాను" అంది పిడుగు.

పడవను మళ్ళీ మొదటి ఒడ్డుకు తెచ్చి పెట్టింది.