రెప్ప చెప్పిన మాట

పొద్దున్నే కాఫీ కూడా పెట్టకుండా లెక్కల టీచరమ్మ తన భర్త రక్తపరీక్ష రిపోర్టును ఫోన్‌లో ఫొటో తీసింది. నరాలు ఎంత వేగంగా దెబ్బతింటున్నాయో చెప్పే అంకె అందులో ఉంది. కిందటి నెలకంటే పెరిగింది. ఒక్క మాటైనా రాయకుండా మరిదికి పంపింది. నెలనెలా పంపుతూనే ఉంది. పగబట్టాక ఇంక మొహమాటమేమిటి?

వాచీలు బాగుచేసే భర్తకు మోటార్ న్యూరాన్ జబ్బు. చేతులు పడిపోయాయి, మాట పోయింది, రెప్పలు మిగిలాయి. ఒకసారి ఆర్పితే అవును, రెండుసార్లయితే కాదు. ఈ జబ్బుకూ ఒక వైరస్‌కూ సంబంధం ఉండొచ్చని డాక్టరు అన్న రోజే ఆమెకు దోషి దొరికాడు. అయిదేళ్ల కిందట మరిది జ్వరంతో ఈ ఇంట్లోనే పడి ఉంటే, పక్కన కూర్చుని సేవ చేసింది ఈయనే. ‘ఉండొచ్చు’ అన్న మాట ఆమె చెవికెక్కనే లేదు.

ఈసారి ఫొటో చూసి మరిదే వచ్చాడు.

“రావయ్యా. నువ్వు అంటించింది ఎంత పెరిగిందో కళ్లారా చూసిపో.”

“నన్నేమైనా అనండి వదినా. అన్నయ్య వినేలా వద్దు.”

“వినాలి. పాముకి పాలు పోసిన మనిషి వినాలి.”

ల్యాబులో రక్తం తీసే కూతురు వంటగదిలోంచి వచ్చింది.

“ఇక చాలమ్మా. ఈ జబ్బు మీద పరిశోధన కోసం మన కుటుంబంలో అందరి రక్తం తీశాను కదా. ఆ వైరస్ ఎప్పుడో సోకిన గుర్తులు నాన్నలో ఉన్నాయి. బాబాయిలో లేవు.”

“లేకపోవడమేమిటే?”

“ఆయనది వేరే జ్వరం. గుర్తులు నీలో ఉన్నాయి, నాలో ఉన్నాయి. చాలామందిలో ఉంటాయి. జబ్బు దానివల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేదు.”

టీచరమ్మ మరిదివైపు తిరిగింది. “నీకెప్పుడు తెలిసింది?” అని అడిగింది.

“మూడు నెలలైంది.”

“తెలిసీ నా మాటలు పడ్డావా?”

“నీకు చెప్పనా అని నాన్నని అడిగానమ్మా,” అంది కూతురు. “రెండుసార్లు ఆర్పారు.”

ఆమె మంచం దగ్గర కూర్చుని భర్త కళ్లలోకి చూసింది. “నావల్లే వచ్చిందని కుమిలిపోతాననా?”

రెప్ప ఒక్కసారే పడింది.

ఆమె భోరుమంది. ఇన్నాళ్లూ ఆ కోపం లేకపోతే తను బతికేదా? ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి?

భర్త కళ్లలోంచి నీళ్లు చెవులమీదికి కారుతున్నాయి. తుడవబోయి ఆగింది. మరిదిని ఈ మంచం ముట్టుకోనివ్వక ఏడాదైంది. తువ్వాలు తీసి మరిది చేతిలో పెట్టి, పక్కకు జరిగింది.