నొప్పి తెలిసిన ఉక్కు

2074 నాటికి నడిసముద్రపు చమురు రిగ్గులు తమ ఒంట్లో నొప్పి ఎక్కడుందో తామే చెప్పుకునేవి. ఉక్కు పోత పోసేటప్పుడే అందులో సన్నని నాడీతంతువులు, అంటే న్యూరో ఫైబర్లు, కలిపేవారు. తుప్పు పట్టినా, అతుకు వీడినా రిగ్గుకు తెలిసేది. వెంటనే స్పీకర్లో చెప్పేది. అది ‘నొప్పి’ అన్న మరుక్షణం చమురు తోడడం ఆపాలన్నది చట్టం. ఆ ఉక్కు వచ్చాక, ఇక వీటితో పనేముందని పాత గ్యాస్ అలారాలన్నీ పీకేశారు.

కాకినాడకు తూర్పున ఉన్న ‘సాగరిక’ మాత్రం రెండేళ్లుగా ఒక్కసారీ నొప్పి అనలేదు. చుట్టుపక్కల రిగ్గులన్నీ తరచూ మూలుగుతుంటే ఇంత పాతదానికి ఏమీ కాలేదంటే భద్రతా మండలి ఇన్‌స్పెక్టర్ హైమవతికి నమ్మబుద్ధి కాలేదు. నాడులు కోసేసి ఉంటారనుకుంటూ హెలికాప్టర్ దిగింది.

“మా సాగరిక బంగారమండీ. జలుబు కూడా చెయ్యదండీ దీనికి,” అన్నాడు రిగ్గు ఇన్‌ఛార్జి తాతాజీ, ఎదురొచ్చి.

అడక్కుండానే అంత మెచ్చుకోవడం ఆమెకు నచ్చలేదు. సుత్తి తీసి పక్కనున్న స్తంభం మీద ఒక్కటి వేసింది.

“కుడిపక్క స్తంభానికి తగిలిందండీ,” అంది సాగరిక. పనివాళ్ల దగ్గర అబ్బిన గోదావరి యాస.

నాడులు బతికే ఉన్నాయి. అయితే నోరు నొక్కేశారేమో! ప్రోగ్రామంతా విప్పి చూసింది. ఎవరూ వేలు పెట్టిన జాడ లేదు. తాతాజీ ముఖంలో కంగారూ లేదు. ఆమె అనుమానం తగ్గకపోగా ఇంకా ముదిరింది.

ఒంటరిగా కింది డెక్కుకు దిగింది. గ్యాస్ పైపు మలుపు దగ్గర ఆమె వెంట తెచ్చుకున్న డిటెక్టర్ కీచుమంది. అతుకు చుట్టూ తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది.

“సాగరికా, ఇక్కడ నొప్పిగా లేదూ?”

పైపు పక్కనున్న స్పీకర్ గరగరమంది.

“ఉందండీ. పోయిన వానాకాలం నుంచి.”

“మరి చెప్పలేదేం? తాతాజీ వద్దన్నాడా?”

“ఆయనకి తెలీదండీ. ఎవరూ వద్దన్లేదు. రెండేళ్ల కిందటోసారి పై అతుకు నొప్పని చెప్పానండీ. మీ మండలి వాళ్లొచ్చి, తప్పెవరిదని అడిగి, వెల్డర్ నూకరాజు గారి పేరు రాసుకున్నారు. ఆయన లైసెన్సు పోయింది. డ్యూటీలో నాతో కబుర్లు చెప్పేది ఆయనొక్కడేనండీ. పడవెక్కేటప్పుడు నా వైపు చూడనైనా చూళ్లేదు. తర్వాత మిగతావాళ్లని గమనించానండీ. వేలు నలిగినా గుడ్డ చుట్టేసుకుని పన్లోకి దిగిపోతారు. ఏమైందంటే ఏం లేదంటారు. నొప్పంటే దాచుకునేదే కాబోలనుకున్నాను.”

హైమవతి నడుముకున్న రేడియో లాగింది. చమురు బావి మూసెయ్యమని, అందరినీ పడవల దగ్గరికి చేర్చమని అరిచింది. పరుగున వచ్చిన తాతాజీ ఆ అతుకునూ, దాని పైనున్న గది అడుగునూ మార్చి మార్చి చూశాడు.

“మేం పడుకునే గది మేడమ్ అది. ఇన్నాళ్లూ దీని మీదే పడుకున్నామా?”

గ్యాస్ ఆగింది. మనుషులందరూ క్షేమంగా పై డెక్కు మీది పడవల దగ్గరికి చేరారు. హైమవతి మాత్రం మెట్ల దగ్గరే ఆగి, కమ్మీ పట్టుకుని అడిగింది.

“ఇకనుంచైనా చెబుతావా?”

“ముందు మీరు చెప్పండి. ఈసారి రిపోర్టులో ఎవరి పేరు రాస్తారు?”

బాధ్యుడి పేరు లేని రిపోర్టును మండలి తీసుకోదు. మెట్ల పైన తాతాజీ పనివాళ్లను లెక్క చూసుకుంటున్న గొంతు వినిపిస్తోంది.

“ఎవరి పేరూ రాయను,” అంది హైమవతి.

“మీరు పట్టుకున్న కమ్మీ కూడా నేనేనండీ,” అంది సాగరిక మెల్లగా. “మీ చెయ్యి వణుకుతోంది.”