గాలిని తూచిన అక్కచెల్లెళ్ళు

రెండు సముద్రాల నడుమ ఉన్న సింధూరపురిలో గాలి కదలడం మానేసింది. శిలాముఖుడనే రాక్షసుడు గాలినంతా మింగి, కొండగుహలో పడుకున్నాడు. మబ్బులు రాక చేలన్నీ బీడువారాయి. గాలిని విడిపించిన కూతురికే పట్టం కడతానని రాజు ప్రకటించాడు. అలా అంటూ ఆయన చిన్నకూతురు మంజీర వైపే చూశాడు. అది చూసి పెద్దకూతురు కేతకి కుతకుత ఉడికిపోయింది.

గాలిని విడిపించడానికి బయలుదేరిన వాళ్ళిద్దరికీ అడవిలో ఒక ముని చెరొక మంత్రపు తక్కెడ ఇచ్చాడు.

“అమ్మా, గాలి బరువైన చోటి నుంచి తేలికైన చోటికి పారుతుంది. ఒకరు తూర్పు తీరాన, ఒకరు పడమటి తీరాన తూచండి. ఒక్క తక్కెడతో ఏమీ తేలదు. రెంటికీ ఉన్న తేడాయే గాలి దారి చెబుతుంది.”

“చెల్లెలి సాయం నాకెందుకు?” అని గొణుక్కుంటూ కేతకి తూర్పుకు బయలుదేరింది. పాములు తిరిగే వాగును ఈది గట్టెక్కేసరికి ఒక తెల్లపులి అడ్డం వచ్చింది.

“నీకు అన్నిటికంటే చేదైనదేదో చెప్పు, వదిలేస్తాను” అంది పులి.

“మా చెల్లెలి పేరు!”

పులి పకపకా నవ్వి దారిచ్చింది.

తూర్పు తీరంలో గాలి పోసిన పళ్ళెం దబ్బున నేలకంటింది. కేతకి పరుగున గుహకు చేరింది. పడమటి నుంచి వచ్చిన మంజీర, ముళ్ళు గీరుకున్న కాళ్ళతో అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

రాక్షసుడు కళ్ళు తెరిచాడు. “నేను నోరు తెరిస్తే గాలి ఎటు పోతుంది? సరిగ్గా చెబితే నా శాపం తీరుతుంది. తప్పు చెప్పినవాళ్ళు రాయైపోతారు.”

“నేను చెబుతాను” అని మంజీర ముందుకు నడిచింది. “అక్కా, నా పళ్ళెం దూదిలా తేలింది. నీదో?”

‘నాది ఇంకా తేలిక’ అంటే చాలు, చెల్లెలు రాయవుతుంది, సింహాసనం తనదవుతుంది. ఆ మాట కేతకి నాలుక చివరిదాకా వచ్చింది. మంజీర వెనక్కి తిరిగి చూడనైనా లేదు. అక్క నిజమే చెబుతుందని అంత ధీమా! ఆ ధీమాకు కూడా కేతకికి ఒళ్ళు మండింది.

“బరువు! నాది నేలకంటింది. తూర్పు నుంచి పడమరకని చెప్పవే, మొద్దూ!” అని అరిచింది.

మంజీర అలాగే చెప్పింది. రాక్షసుడు నోరు తెరవగానే గాలి హోరుమని పడమరకు లేచింది. వాడు గంధర్వుడై ఆకాశానికి ఎగిరిపోయాడు. వాళ్ళు కోటకు చేరేలోపే కుండపోతగా వాన కురిసింది.

రాజు కిరీటం పట్టుకుని ఎదురువస్తే మంజీర తల వంచలేదు.

“నాన్నగారూ, అక్క లేకపోతే నేను ఆ గుహలో రాయినై ఉండేదాన్ని. పట్టం ఇద్దరికీ కట్టండి.”

అప్పటి నుంచి ఏటా అక్కచెల్లెళ్ళు రెండు తీరాల్లోనూ గాలిని తూచి, ఆ తేడా చూసి రైతులకు వాన కబురు చెప్పేవారు. పట్టాభిషేకం రోజున మాత్రం, చెల్లెలి సింహాసనం తనదానికంటే ఎత్తుగా ఉందేమోనని కేతకి వడ్రంగిని పిలిచి కొలిపించింది. రెండూ సమానంగానే ఉన్నాయి. అప్పుడు గానీ ఆమె మంజీర పక్కన కూర్చుని హాయిగా నవ్వలేదు.