తల మీద దేవదారులు మొలిచిన రాకాసి

ఉత్తరాన మంచుసీమలో సూర్యుడు కనిపించక మూడేళ్ళయింది. తూర్పు కనుమలో ఒక రాకాసి కొండంత రాతిపలకను నిలబెట్టి, దాని చాటున కూర్చున్నాడు. ఆ నీడ సీమంతా పరుచుకుంది. పైరు మొలవలేదు. వాణ్ణి చంపబోయిన పదకొండుమంది వీరుల్లో ఒక్కడూ తిరిగి రాలేదు. చివరికి రాజు కూడా ఆశ వదులుకున్నాడు.

ఆ సీమలో ఏటా మంచు పడేముందు ప్రతి తలుపు మీదా రాకాసి బొమ్మ వేయించుకుంటారు. వాణ్ణి చూసి వేసినవారు లేరు. పక్కింటి తలుపు చూసి దించడమే. ఒకరు రెండు కోరలు వేస్తే మరొకరు నాలుగు వేసేవారు.

ఆ బొమ్మలు వేసే చిత్రకారుడి కూతురు సిగ్రిద్. ఎండ తగలక ఆమె చెల్లెలు మంచం పట్టింది.

"చంపడం నావల్ల కాదు నాన్నా, అడిగి చూస్తాను," అని సిగ్రిద్ రంగులసంచి తగిలించుకుంది.

గడ్డకట్టిన సరస్సు దగ్గర ముసలి తోడేలు ఎదురైంది.

"కత్తి ఏదే పిల్లా?"

"కుంచె ఉంది."

"దాంతో వాడికి చక్కిలిగిలి పెడతావా? పో, పో! నీ ఒంట్లో నాకు పంటి కిందికి కండైనా లేదు."

కనుమలో పదకొండుమంది వీరులూ ఎత్తిన కత్తులతోనే చలికి కొయ్యబారి ఉన్నారు. వాళ్ళ వెనక రాకాసి. వీపంతా నాచు, తల మీద దేవదారులు, చెవిలో గుడ్లగూబ గూడు. నోట్లో ఒక్క పన్ను కూడా లేదు.

"తాతా, ఆ పలక దించు. మా చెల్లి చచ్చిపోతుంది."

"నా గుహ కూలిపోయింది, ఇదొక్కటే నాకు చాటు. ఎండ తగిలితే రాయైపోతాను. మా జాతిలో మిగిలింది నేనే. నన్ను చావమంటావా?"

సిగ్రిద్‌కు ఇంటికి వెళ్ళే ముఖం లేదు. అతని పాదం పక్కనే చతికిలబడి, ఏడుస్తూనే బొమ్మ వేయసాగింది.

రాకాసి వంగి చూశాడు. "కోరలేవి?"

"లేనివి ఎలా వేస్తాను?"

అతడు బొమ్మ మీదికి ఇంకా వంగాడు. "నేను పోతే ఆ కోరల మొహమే మిగులుతుందని దిగులు పడ్డాను. ఇది నేనే. అన్ని తలుపుల మీదా వేస్తావా?"

"వేస్తాను తాతా."

"గుడ్లగూబ పిల్లలు రెండు. నువ్వు ఒకటే వేశావు."

ఆమె సిగ్గుపడి రెండోదీ వేసింది. రాకాసి లేచి, గూడు కదలకుండా తల నిలిపి, పలకను పక్కకు పడదోశాడు. ఎండ పడగానే అలాగే రాయైపోయాడు.

పైరు మొలిచేసరికి చెల్లెలు గడప దాకా నడిచింది. రాజు సిగ్రిద్‌ను ఆస్థాన చిత్రకారిణిని చేశాడు. ఆమె మాత్రం ఇంటింటికీ తిరిగి తలుపులు చూసేది. గుడ్లగూబ పిల్ల ఒక్కటే కనిపిస్తే, ఆ బొమ్మ చెరిపించి మళ్ళీ వేయించేది.