ఆగని బ్రేక్‌పాయింట్

తూటా కిటికీ అద్దం చీల్చుకుని వచ్చి ప్రోగ్రామర్ కణతలో దిగింది. తల కీబోర్డు మీద వాలింది. రక్తం కీల సందుల్లోకి పాకింది.

ఏజెంట్ ముంగిస గోడవార నక్కి రెండుసార్లు కాల్చాడు. ఎదురు మేడ మీంచి ముందు రైఫిలు, వెనకే మనిషి రోడ్డు మీద పడ్డారు.

చెవిలో బాస్ గొంతు. "టైమెంత?"

"మూడూ ముప్పై నాలుగు, సార్."

"మూడూ నలభైకి సొరంగంలో రైలు పేలుతుంది. ఆరొందల మంది. రైలు ఆపినా పేలుతుంది. బాంబుని ఆపే కోడ్ మీరు శత్రువుల కొరియర్ దగ్గర లాక్కున్న ఫోన్‌లో, దాన్ని పేల్చే యాప్‌లోనే ఉంది. నెమలిని పంపించా."

నెమలి ఆ గూఢచారి శాఖలో చీఫ్ యాప్ ఇంజినీర్. తెల్ల సూటు, ఎర్ర స్కార్ఫు. వస్తూనే శవాన్ని కుర్చీతో సహా పక్కకు నెట్టి, ఫోన్‌కి తగిలించిన ల్యాప్‌టాప్ ముందు నిలబడింది.

"పాస్‌వర్డ్ మూడుసార్లే కొట్టనిస్తుంది. తప్పు కొట్టినా పర్లేదు. పోల్చి చూడ్డానికి అసలు కోడ్ క్షణం సేపు మెమరీలోకి రావాల్సిందే. సీ ప్లస్ ప్లస్ భాషలో రాసిన ఆ పోల్చే లైను దగ్గర యాప్‌ని ఆపితే చదివేయొచ్చు. అక్కడ ఆగమని బ్రేక్‌పాయింట్ పెట్టా. కొట్టు."

కొట్టాడు. యాప్ ఆగలేదు. 'తప్పు' అంది. రెండోసారీ అంతే.

"అయ్యో!" అంది నెమలి, గొంతులో ఏ అయ్యో లేకుండా. "ఇంక లాభం లేదు. పద."

ముంగిస కదల్లేదు. ట్రైనింగ్‌లో ఇదే ప్రోగ్రామర్ అతని బుర్ర తినేసేవాడు: 'బ్రేక్‌పాయింట్ తగలకపోతే కోడ్‌ని తిట్టకు బాబూ, ముందు దాన్ని ఆపే డీబగ్గర్ సెట్టింగు చూడు.'

చూశాడు. 'జావా ఓన్లీ': జావా భాషలో రాసిన పై పొరనే ఆపుతుంది. కాపలా అంతా పై అంతస్తులో పెట్టి ఉంది. సీ ప్లస్ ప్లస్ కింది తలుపులోంచి దర్జాగా వెళ్లిపోతోంది.

"ఇందాక ఇది సీ ప్లస్ ప్లస్‌ని పట్టే 'నేటివ్‌'లో ఉంది. మార్చిందెవరే?"

జవాబుగా కత్తి వచ్చి అతని ఎడమ అరచేతిని బల్లకు దిగేసింది. మరుక్షణం స్కార్ఫు గొంతుకు బిగిసింది.

"బాంబు పెట్టినవాళ్లు నన్ను ఎప్పుడో కొన్నారు, ముంగీ."

ముంగిస అరవలేదు. అరవడానికి గాలి లేదు. కుడిచేత్తో సెట్టింగు మార్చాడు. డీబగ్గర్ మళ్లీ తగిలించాడు. మూడో పాస్‌వర్డు కొట్టాడు.

యాప్ ఠక్కున ఆగింది. తెర మీద ఆరంకెలు.

"నాలుగు... తొమ్మిది... సున్నా... మూడు..." గొంతు మూసుకుపోయింది. కళ్ల ముందు నల్లటి చుక్కలు. తల వెనక్కి విసిరి కొట్టాడు. నెమలి ముక్కు ఫటేల్మంది. పట్టు సడలింది.

"ఏడు, రెండు!"

నెమలి పిస్టల్ తీసింది. అతను అరచేతిని కత్తితో సహా బల్ల మీంచి పెరికి, ల్యాప్‌టాప్ ఎత్తి బలంకొద్దీ ఆమె నెత్తిన దించాడు. ఆమె మళ్లీ లేవలేదు.

చెవిలో బాస్ ఆరంకెలు టకటకా కొట్టిన చప్పుడు. తర్వాత ఊపిరి వదిలిన చప్పుడు. "ఒక్క సెకను మిగిలుండగా బాంబు ఆగింది. రైలు సొరంగం దాటింది. సాయంత్రానికి రిపోర్టు టైప్ చేసి పంపు."

"కాగితం మీద రాసి పంపుతాను సార్. ల్యాప్‌టాప్ ఇంకా నెమలి నెత్తిన ఉంది."