ఇద్దరికి సరిపడా వాసన

ఓష్ పట్నానికి అవతల కొండగుహ చూడటానికి వచ్చేవాళ్లను సైరాకాన్ లోపలికి తీసుకెళ్లి చూపిస్తుంది. పోయిన నెల దాకా ఆ పని ఆమె మొగుడు మామసాలిది. కూతురు నాజిక్ గుహలో తప్పిపోతే వెతకడానికి వెళ్లాడు. తెల్లారేసరికి పిల్ల తనంతట తనే బయటికొచ్చింది, ఒంటి మీద గీత కూడా లేకుండా. అతను రాలేదు. శవమూ దొరకలేదు.

గురువారం సాయంత్రమైతే ఊళ్లో ఇంటింటా నూనె కాగుతుంది. పోయినవాళ్లు తినలేరు గదా, బోర్సోక్ అనే పిండి ముక్కలు వేగే వాసనతోనే కడుపు నింపుకుంటారు. పోయినవాళ్లకు వాళ్లింటి ఇల్లాలే వేయించాలి; వేరే చెయ్యి వేయిస్తే వాసన అందదు. సైరాకాన్ మాత్రం మూకుడు పొయ్యెక్కించలేదు. ఎక్కిస్తే మొగుడు లేడని తనే ఒప్పుకున్నట్టు.

"నా కొడుకును పస్తులు పెడుతున్నావే, మొండిదానా!" అని అత్త దెప్పేది.

"బతికున్నవాడికి వాసనెందుకత్తా? వస్తే వేడిగా వండి పెడతా."

"నీ ఆశ పాడుగాను! బెంగతో ఆ పిల్ల ముద్ద ముట్టడం లేదు, చూడు."

అది నిజమే. నాజిక్‌కి పెట్టిందంతా కుక్కకే పోయేది. ఎప్పుడడిగినా ఆకలి లేదనేది.

ఆ గురువారం మధ్యాహ్నం గుహ చూడటానికి పదిమంది దాకా వచ్చారు. లోపలి పెద్ద గదికి చేరాక, "దీపాలు ఆర్పేస్తున్నా. పిల్లల చేతులు పట్టుకోండి," అంది. అసలైన చీకటంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది.

"కరెంటు ఆదా చెయ్యడానికా అక్కా?" అన్నాడెవడో.

నవ్వుతూ మీట నొక్కింది.

చీకటి. తడి మట్టి వాసన. ఎక్కడో నీటిబొట్టు... మళ్లీ బొట్టు... ముసిముసి నవ్వులు ఆగిపోయాయి.

చెవి పక్కనే ఊపిరి. చల్లగా.

"సైరా..."

అలా పిలిచేది ఒక్కడే.

"ఆకలే..."

ఆమె అటు తిరిగింది. "ఇంటికొచ్చెయ్యి..." అని గొణిగింది.

"రాలేను. వాసనైనా పంపు... ఇద్దరికి సరిపడా..."

దీపాలు వేసింది. పక్కన ఎవరూ లేరు.

ఆ సాయంత్రం సైరాకాన్ గుండె రాయి చేసుకుని మూకుడు పెట్టింది. ఉన్న ఒక్క ఆశా పోయిందని కుమిలి కుమిలి ఏడ్చింది. ఆ రెండోవాళ్లెవరని ఆలోచించే స్థితిలో లేదు. అత్త ఆమె తల నిమిరి, అరచేతులెత్తి దువా చదివింది. మొదటి వాయి తేలింది. ఇల్లంతా కమ్మటి వాసన.

వాకిట్లో ఉన్న నాజిక్ లేచి, మెల్లగా పొయ్యి దగ్గరికొచ్చింది. ఇన్నాళ్లకు పిల్లకు ఆకలేసిందని తల్లికి ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని, వేడి ముక్క ఒకటి ఊది ఊది అందించింది.

"తినమ్మా."

నాజిక్ చెయ్యి చాపలేదు. కళ్లు మూసుకుని, పొగలోకి ముఖం వంచి, గట్టిగా పీల్చింది. పాలిపోయిన బుగ్గలకు రంగొచ్చింది.

"వద్దమ్మా," అంది. "కడుపు నిండిపోయింది."