వారానికొక్క డేనిష్ మాట

“అది మాటా, గూడ్సు బండా?”

మొదటి శుక్రవారం విజేత నా మీద పుస్తకం విసిరినంత పనిచేసి అడిగింది.

విజేత మస్కట్‌లో నర్సు. డెన్మార్క్ ఆసుపత్రిలో ఉద్యోగానికి అప్లై చేసింది. భాష పరీక్ష పాసైతేనే రమ్మంటారట. నేను, అంటే భానుతేజ, ఇక్కడే ఓ డేనిష్ కంపెనీలో ఇంజినీర్ని. రెండేళ్లు డెన్మార్క్‌లో ఉండొచ్చాను కదాని, వాళ్ల నాన్న నాగేంద్రప్రసాద్ గారు అల్ హైల్ ఏరియాలో తమ ఫ్లాట్‌కి పిలిచి నన్ను మాస్టార్ని చేసేశారు.

“భయపడకు, ముక్కలు చెయ్. సూయె అంటే రోగులు. ప్లైయెస్కె అంటే చూసుకునే మనిషి. కలిపితే సూయెప్లైయెస్కె, నర్సు! ఎంత పొడుగున్నా చివరి ముక్కే అసలు సంగతి.”

తను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

“రాసిందల్లా పలకడం మన తెలుగోళ్ల జబ్బు. మొదటి ముక్క ఒత్తి పలుకు, మిగతావి మింగెయ్.”

“మింగడానికి మాత్రలా?” అని పకపకా నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

పాసైతే వెళ్లిపోతుందిగా! అందుకే వారానికి ఒక్క మాటే చెప్పడం మొదలుపెట్టాను.

పన్నెండో శుక్రవారం ‘బ్రొలుప్స్‌డే’ తెచ్చాను.

“బ్రొలుప్ అంటే పెళ్లి, డే అంటే రోజు.”

“మధ్యలో ఈ స్ ఏంటి?”

“అతుకు.”

“నర్సు పరీక్షలో పెళ్లిరోజెందుకు మాస్టారూ?”

పుస్తకంలో పేజీలు తిప్పాను. తను మాత్రం ఆ మాటని అచ్చం అక్కడివాళ్లలాగే పలికేసింది.

“ఇంత బాగా ఎప్పుడొచ్చింది?”

“మొదట్నుంచీ ఆన్‌లైన్ క్లాసులు కూడా వింటున్నాను. పరీక్ష పాసై నెలైంది. పదో తారీఖున ఫ్లైట్.”

“మరి ఈ నాలుగు వారాలూ తప్పులెందుకు చదివావ్?”

“వారానికో మాట చెప్పి నువ్వు సాగదీయలేదూ? నేనేమన్నా తక్కువ తిన్నానా?” అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఇంక ఆగలేకపోయాను. “మా బాస్ అక్కడికి ట్రాన్స్‌ఫర్ ఇస్తానంటే వద్దన్నాను విజేతా.”

“ఎందుకు?”

“నువ్విక్కడున్నావని. నువ్వంటే నాకు ప్రాణం.”

వంటింట్లోంచి నాగేంద్రప్రసాద్ గారు అట్లకాడతో బయటికొచ్చారు. అంతా విన్నట్టున్నారు. గబుక్కున లేచి నిలబడ్డాను.

“చూస్తావేంటయ్యా? మీ బాస్‌కి ఫోన్ చేసి వెళ్తానని చెప్పు. తర్వాత మీ అమ్మగారికి కలుపు, నేను మాట్లాడతా.”

“ముందు తనని పెసరట్టు తిననివ్వండి నాన్నా,” అంది విజేత. అంటూనే టేబుల్ మీదున్న నా ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.